మద్రాసు కోట బొమ్మకు నకలు గీసిన నెల

మా బాపు రైల్వేలో పనిచేసిన రోజుల్లో, వరంగల్‌లో జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు పోయినప్పుడల్లా సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి వెళ్లొచ్చేవాడు. 1680 నాటి చర్చి అది. ఈసారి క్రిస్మస్‌కు ఆ చర్చి కనిపించే పాత బొమ్మ ఒకటి గీసిస్తానని మాటిచ్చాను. జాన్ వాన్ రైన్ అనే చిత్రకారుడు వేసిన 1754 నాటి బొమ్మ దొరికింది. ముందు సముద్రంలో తెరచాపల ఓడలు, వెనక కోట గోడ, దానిమీద చర్చి గోపురం.

మొదటి దెబ్బ ప్రింటు దగ్గరే తగిలింది. హనుమకొండలో ఒక షాపులో ఏ3 సైజులో తీయించాను. కొలత తప్పకుండా ప్రింటు మీదా షీటు మీదా గళ్లు కొట్టి, గడి గడినీ చూస్తూ మూడు రోజులు పెన్సిల్‌తో గీశాక గోపురం మరీ సన్నగా, పొడుగ్గా అనిపించింది. నా చెయ్యే తప్పిందనుకుని రెండుసార్లు చెరిపాను. చివరికి స్కేలు పెట్టి కొలిస్తే తెలిసింది, కాగితం నిండాలని షాపులో బొమ్మను నిలువునా సాగదీశారు. ఏడుపొచ్చింది. మళ్లీ వెళ్లి, అంచుల్లో తెల్లగా మిగిలినా పర్వాలేదని చెప్పి దగ్గరుండి తీయించాను. ఈ పని మొదలుపెట్టేవాళ్లు గళ్లు కొట్టకముందే ఫోన్‌లోని బొమ్మ పొడవు వెడల్పుల నిష్పత్తీ ప్రింటు నిష్పత్తీ ఒకటేనా అని లెక్కేసి సరిచూసుకోండి.

రెండోసారి ప్రింటు మీద అంగుళం గళ్లు, డ్రాయింగ్ షీటు మీద రెండంగుళాల గళ్లు. ముందు నీళ్ల గీత, తర్వాత గోపురం, ఓడ స్తంభాలు. తాళ్లు ఆఖరికి.

ఇంకు పని వేరే లోకం. రాగి రేకు మీద చెక్కి అచ్చు తీసిన బొమ్మలో నీడంటే గీతలే. చిక్కగా ఉంటే చీకటి, పలచగా ఉంటే వెలుతురు. మొదట పెన్సిల్ రుద్ది నీడ తెద్దామని చూస్తే పొగచూరినట్టయింది. తుడిచేసి సన్న మొన ఉన్న 0.1 పెన్నుతో ఒక్కో గీతా పెట్టుకుంటూ పోయాను. ఒక్క ఓడ పక్కభాగానికే రెండు సాయంత్రాలు పట్టింది.

ఓడలకూ కోటకూ మధ్య అన్ని నీళ్లెందుకో నాకు అర్థం కాలేదు. అక్కడ ఎప్పటినుంచో హార్బరు ఉందనుకున్నాను. కానీ దాని పనులు మొదలైందే 1870లలో. అంతకుముందు ఓడలు దూరంగా లంగరేసి ఆగేవి. మనుషులూ సరుకూ మసూలా పడవల్లో ఒడ్డుకు చేరేవి. ఆ పడవల పలకలకు మేకులుండవు, కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. అల కొడితే పలకలు కాస్త వంగి తట్టుకునేవి. ఇది చదివాక, గబగబా కానిచ్చేద్దామనుకున్న ఆ నీళ్ల పట్టీకి వారం ఇచ్చాను. గీత గీతకూ ఆ అలలే గుర్తొచ్చాయి.

కింద చిన్న అక్షరాలతో ‘1754 నాటి వాన్ రైన్ బొమ్మకు నకలు’ అని రాసి ఫ్రేము కట్టించాను.

బాపు కళ్లజోడు తుడుచుకుని గోపురం దగ్గర చాలాసేపు ఆగాడు. “లోపలికి పోతే సల్లగుంటది బిడ్డా,” అన్నాడు. “గోడలు నాలుగడుగుల మందం.”