తలుపు వేస్తే చెదిరిపోయే వెలుగు

ఎమ్మెస్సీ ల్యాబ్‌లో మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్ (వెలుగును రెండుగా చీల్చి మళ్లీ కలిపే పరికరం) ముందు కళ్లు కాయలు కాచేలా కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. సోడియం దీపం పసుపు వెలుగులో గుండ్రటి ఫ్రింజెస్, అంటే వెలుగు-చీకటి వలయాలు, చక్కగా కనిపించేవి. లెక్కపెట్టడం మొదలుపెట్టగానే ఎవరో తలుపు ధడేల్మని వేసేవాళ్లు, అన్నీ వణికిపోయేవి. మళ్లీ ఒకటి నుంచి. నా రికార్డులో సగం రీడింగులు పక్క బెంచీవే, ఇప్పుడు ఒప్పుకుంటే పోయేదేముంది!

నిన్న రాత్రి ఆ పరికరంతో భౌతికశాస్త్రవేత్త మైకెల్సన్ ఈథర్ కోసం వెతికిన ప్రయోగం కథ మళ్లీ చదివాను. ఈథర్ అంటే వెలుగు అలలు ప్రయాణించడానికి విశ్వమంతా నిండి ఉందని అప్పట్లో నమ్మిన పదార్థం. 1881లో మైకెల్సన్ బెర్లిన్‌లో మొదలుపెడితే, వీధిలో బళ్ల అదురుకి కుదరక పోట్స్‌డామ్‌కి మార్చాడట. అక్కడ కూడా వంద మీటర్ల దూరంలో ఎవరైనా నేలను కాలితో గట్టిగా తొక్కితే ఫ్రింజెస్ మాయం. చదివి ఎంత హాయిగా అనిపించిందో.

1887లో క్లీవ్‌లాండ్‌లో మోర్లీ అనే శాస్త్రవేత్తతో కలిసి పెద్ద రాతిపలకను పాదరసం మీద తేల్చాడు. అద్దాల మధ్య వెలుగును అటూ ఇటూ తిప్పి దారిని 11 మీటర్లకు పెంచారు. భూమి సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో ఈథర్‌లో దూసుకుపోతుంటే, బైక్ మీద వెళ్లేవాడికి ఎదురుగాలి తగిలినట్టు ఆ ప్రభావం వెలుగు మీద కనబడాలి కదా. పలకను తిప్పితే ఫ్రింజెస్ ఒక ఫ్రింజ్ వెడల్పులో 0.4 వంతు జరగాలని లెక్క. అందులో ఇరవయ్యో వంతు కూడా జరగలేదు, అంటే ఈథర్ జాడే దొరకలేదు.

ఆ రీడింగే మా ల్యాబ్‌లో వచ్చి ఉంటే మా సార్ రికార్డు మొహాన కొట్టి, "తప్పు, మళ్లీ చెయ్" అనేవారు.