సోలెడు అంటే ఎన్ని గ్రాములమ్మా?

మొన్న సంక్రాంతికి నా అరిసెలు పగిలినై. నూనెల ఏసుడు తోటే అంచులు విచ్చుకున్నై, మిగిలినయి కొరకరాకుండ గట్టిగైనై. ముప్పై ఏండ్ల సంది ఈ ఇంట్ల అరిసెలు ఒత్తుతున్న, ఎప్పుడు గిట్ల కాలే. కాకపోతే ఇన్నేండ్లు ఒత్తింది నేను, కొలిచింది మా అత్తమ్మ. ఆమె పోయినంక ఇదే మొదటి పండుగ.

మా చెల్లె ఫోన్ల చెప్పిన లెక్క: కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. ఇంట్ల కాంటా లేదు. నాలుగు పాళ్లకు మూడు పాళ్లే గదా అనుకొని నాలుగు గ్లాసుల బియ్యం నానపోసిన, మూడు గ్లాసుల బెల్లం తురుము పాకం పట్టిన. చెడింది ఆడనే.

పండుగ అయినంక క్లాక్ టవర్ దిక్కు పోయి చిన్న బ్యాటరీ కాంటా కొనుక్కొచ్చి జోకిన. ఆ గ్లాసుల 250 మి.లీ. నీళ్లు పడ్తయి. బియ్యమైతే 205 గ్రాములు. బెల్లం తురుము వదులుగ పోస్తే 150. అంటే 820 గ్రాముల బియ్యానికి 615 పడాల్సిన బెల్లం, 450 పడ్డది. ఇగ పాకంల పిండి ఎట్ల ఒదుగుతది? అదే తురుమును వేళ్లతోటి ఒత్తి నింపితే 200 దాటింది.

అప్పటి సంది కాంటా పిచ్చి పట్టింది. కనబడ్డదల్లా జోకుడే. మంచినూనె గ్లాసుకు 230, నీళ్లకన్న తేలిక. లీటరు నూనె ప్యాకెట్ మీద 910 గ్రాములని ఎందుకు అచ్చేస్తరో ఇప్పుడు సమజైంది. అన్నేండ్లు దాన్ని మోసమనుకున్న!

ఆఖరుకు అత్తమ్మ సోల బయటికి తీసిన. దేవరకొండల పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి సోల. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని నాకు నేర్పింది ఆమెనే. కిలోల చట్టం 1956లనే వచ్చింది గని, మా వంటింట్ల మొన్నటిదాక సోలదే రాజ్యం. దాంట్ల నీళ్లు 390 మి.లీ. బియ్యం పోసి పైన చేత్తో గీస్తే 320 గ్రాములు. అత్తమ్మ ఎన్నడు గీసింది గనుక? గోపురం లెక్క పోసేది. అట్ల పోస్తే 360. బెల్లానికి వచ్చేసరికి బొటనవేలు పెట్టి అదిమేది. “బెల్లం అదుము బిడ్డా, పిండి అదమకు” అంటుంటే చాదస్తమనుకున్న.

డాలస్‌ల ఉన్న మా చిన్నబిడ్డకు ఈ లెక్కలన్ని గ్రాములల్ల రాసి పంపుతున్న. అది ముందు రైస్ కుక్కర్‌తోటి వచ్చిన కప్పు పెట్టి కేక్ చేసింది. ఆ కప్పు 180 మి.లీ., కేక్ రాసినోళ్ల కప్పు 240. ఒక్క కప్పుతోటే అన్ని కొలిస్తే పాళ్లు కుదురుతుండె. గుడ్లు మాత్రం రాసినన్ని కొట్టింది. కేక్ ఆమ్లెట్ అయ్యింది.

ఉప్పు కాడ మాత్రం గట్టిగ చెప్పిన. మామిడికాయ తొక్కుకు నేను ఏసేది గిద్దెడు రాళ్లుప్పు, జోకితే 92 గ్రాములు. మెత్తనుప్పు అదే గిద్దెతోటి ఏస్తే 117 పడ్తది. రాళ్ల నడుమ సందులుంటయి గదా. “కప్పులు బంద్ పెట్టు, జోకి ఎయ్యి” అన్న.

“సరేనమ్మా, మరి కారం ఎన్ని గ్రాములు?” అన్నది.

ఆడ దొరికే కారప్పొడి ఎంత మంటో నాకెట్ల తెలుస్తది? వీడియో కాల్ పెట్టి, చిటికెడు నాలుక మీద ఏసుకొమ్మన్న. దాని మొఖం చూసి చెప్పిన.