మిగులు టీచరు

మా చిన్నదాని మాస్టారు వెళ్లిపోయారు. జూన్ 12న బడి తెరిచారు, ఆగస్టు చివర్లో ఆయన్ని వేరే బడికి పంపుతూ పని సర్దుబాటు ఆర్డరొచ్చింది. గుంటూరులో మా వీధి బడిలో ఇప్పుడు మూడూ నాలుగూ తరగతులు ఒకే గదిలో. ఒకళ్లకి ఎక్కాలు చెప్తుంటే ఇంకొకళ్లు చూచిరాత రాసుకుంటూ కూర్చోవాలి.

ఎందుకని అడిగితే పిల్లల సంఖ్య అన్నారు. విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రైమరీలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు. అంటే జులైలో ఇద్దరు ముగ్గురు టీసీ తీసుకుని కాన్వెంటుకి పోయినా చాలు, ఒక టీచరు మిగులు కింద తేలతారు. ఉన్న పిల్లలకి మాత్రం చదువు అవసరం రవ్వంత కూడా తగ్గదు!

ఆయన వెళ్లింది ఏకోపాధ్యాయ బడికి. అక్కడున్న ఒక్కరూ సెలవు పెడితే చెప్పేవాళ్లే ఉండరు, అందుకే పంపొద్దని గట్టిగా అనలేను. కానీ ఈ లెక్కేదో ముందే తేల్చొచ్చుగా? కొత్త అడ్మిషన్లు జూన్‌లో వస్తాయంటారా, సరే, ఆ నెలాఖరుకే ముగించండి. పిల్లలు మాస్టారికి అలవాటు పడ్డాక మార్చడమేంటి?

మొన్న చిన్నది అడిగింది: "ఇంకో ఇద్దర్ని బళ్లో చేర్పిస్తే సార్ వస్తారా నాన్నా?" పక్కింటావిణ్ణి కదిపి చూశాను. వాళ్లబ్బాయి ఇంకా అంగన్‌వాడీలోనే ఉన్నాడట.