వహాకాలో మిరపకాయల వెంట

మెక్సికో సిటీ నుంచి దక్షిణాన ఉన్న వహాకా నగరానికి వెళ్లేవాళ్లు విమానం మానేసి పగటి బస్సు ఎక్కండి. ఆరేడు గంటలు కూర్చోవాలి, నిజమే. కానీ తెవాకాన్ దాటాక కొండల నిండా నిటారుగా పెరిగిన జెముడు చెట్లు మొదలవుతాయి, వాటిని చూడటానికైనా బస్సులోనే వెళ్లాలి. ఈ తెవాకాన్-క్వికట్లాన్ లోయని యునెస్కో 2018లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1960లలో అక్కడి గుహలు తవ్వినప్పుడు మొక్కజొన్న, గుమ్మడితో పాటు వేల ఏళ్ల నాటి మిరప ఆనవాళ్లు కూడా బయటపడ్డాయి. మాది గుంటూరు జిల్లా. సంక్రాంతి దాటితే మా ఊరి చుట్టూ కల్లాల్లో ఎర్రగా మిరపకాయలే. మిరప అంటే మనదే అన్న ధీమాతో పెరిగినవాళ్లం. పోర్చుగీసువాళ్ల ఓడలు 1498లో మన పడమటి తీరానికి రావడం మొదలయ్యాకే అది మన దేశంలో అడుగుపెట్టింది, అంతకుముందు మనకి కారమంటే మిరియాలూ పిప్పళ్లే. మనకి మిరపతో ఓ ఐదు వందల ఏళ్ల పరిచయం. ఈ లోయవాళ్లది వేల ఏళ్ల కాపురం. ఆ తేడా వంటింట్లో ఎలా ఉంటుందో చూద్దామనే ఈ ప్రయాణం పెట్టుకున్నాం, నేనూ మా అక్కా.

మర్నాడు పొద్దున్నే సెంట్రల్ దె అబాస్తోస్ అనే పెద్ద మార్కెట్‌కి వెళ్లాం. శనివారం, చుట్టుపక్కల పల్లెల జనమంతా అక్కడే ఉన్నారు. మా బావ మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తారు కాబట్టి అక్కకి కాయ చూడటం వచ్చు. ఒక పెద్దావిడ దుకాణం ముందు ఆగి, ఓ కాయ తీసి, తొడిమ చూసి, వంచి చూసి, వాసన చూసి, "ఒక్క తాలు కాయ లేదు చూడవే" అంది. నాకొచ్చిన స్పానిష్‌తో పేర్లు అడిగితే ఆ పెద్దావిడ ఓపిగ్గా ఒక్కో బస్తా చూపిస్తూ చెప్పింది. పొబ్లానో ఎండితే ఆంచో. హలపేన్యోని పండనిచ్చి పొగబెట్టి ఆరబెడితే చిపోట్లే. పసీయా మిహే అనేది మిహే కొండల్లో పొగబెట్టి ఎండబెట్టే రకం, ముడతలు పడి ముదురు ఎరుపులో ఉంటుంది, చేత్తో పట్టుకుంటే చాలు, ఆ పొగ వాసన సబ్బుతో కడిగినా వదల్లేదు. అన్నిటికంటే ఖరీదైనది చిల్వాక్లే. పొట్టిగా, గుండ్రంగా, దాదాపు నల్లగా ఉంటుంది, క్వికట్లాన్ వైపు పండుతుంది, పండించే రైతులు బాగా తగ్గిపోయారు. మన యార్డులోనూ తేజ, బాడిగ, 341 అని వేటికి అవే రాసులు పోస్తారు. కానీ మనింటికి వచ్చేసరికి అన్నీ కారం డబ్బాలోకే కదా! ఇక్కడ అలా కాదు. ఏం వండుతున్నారో చెబితేగానీ ఆవిడ కాయలు తూచలేదు.

వండబోయేది మోలె నెగ్రో. మోలె అంటే మిరపకాయలూ మసాలాలూ వేయించి నూరి చేసే చిక్కటి కూర. వహాకాలో ఏడు రకాల మోలెలని చెప్పుకుంటారు, అందులో నల్లది ఇది, పెళ్లిళ్లకీ చనిపోయినవాళ్లని తలుచుకునే నవంబరు పండగకీ తప్పనిసరి. తెయోతిత్లాన్ దెల్ వాయే అని నగరానికి దగ్గర్లోనే సపోటెక్ అనే అక్కడి మూలవాసుల నేతగాళ్ల ఊరుంది, అక్కడ ఒకావిడ తన ఇంట్లోనే వచ్చినవాళ్లకి వంట నేర్పుతుంది. పెరట్లో కట్టెల పొయ్యి, దాని మీద సున్నం పూసిన మట్టి పెనం.

ముందు కాయల్ని తడిగుడ్డతో తుడిచి, చీల్చి, గింజలూ లోపలి తెల్లటి ఈనెలూ తీసి పక్కన పెట్టింది. ఈనెలు ఎటో పోయాయి, గింజలు మాత్రం జాగ్రత్త చేసింది. కాయల్ని పంది కొవ్వులో ఉబ్బేదాకా వేయించాక, ఆ గింజల్ని ఓ ఎండు మొక్కజొన్న రొట్టెతో సహా పెనం మీద వేసి మాడ్చడం మొదలుపెట్టింది. గోధుమ రంగొచ్చింది, ముదురైంది, నల్లబడింది, చివరికి మంట అంటుకుంది కూడా, అయినా తియ్యదే! ఆ ఘాటుకి నాకూ అక్కకీ దగ్గు ఆగలేదు, ఆవిడ మాత్రం గాలివాటం చూసుకుని ప్రశాంతంగా నిలబడింది. మనింట్లో పోపులో ఒక్క ఎండుమిరపకాయ నల్లబడితే పోపంతా పారబోసి మళ్లీ పెడతాం. ఇక్కడ ఆ నలుపే కూరకి ప్రాణం. మాడిన గింజల్ని చన్నీళ్లలో నానబెట్టి, నీళ్లు మార్చి మార్చి వంచేస్తే ముదురు చేదు పోయి ఒక కమ్మటి చిరుచేదు మిగులుతుంది. ఆ నీళ్లు మార్చే పని అక్క తీసుకుంది.

ఇక నువ్వులు, బాదం, ఎండుద్రాక్ష, అరటి, టమాటాలు, లవంగాలు, దాల్చినచెక్క, వేటికి అవి విడివిడిగా వేగాయి. నూరడం మెతాతె మీద. వాళ్ల సన్నికల్లు అది, మూడు కాళ్ల మీద ఏటవాలుగా నిలబడుతుంది, వెనక మోకాళ్ల మీద కూర్చుని ఒళ్లంతా ముందుకి వంచి నూరాలి. పెళ్లిళ్లకైతే ఊళ్లో మరకి పట్టుకెళ్లి పట్టించుకొస్తారట. ఆ ముద్దని మళ్లీ కొవ్వులో వేయించి, కోడి ఉడికించిన నీళ్లు పోసి, అవకాడో ఆకులు వేసి, ఆఖర్న చాక్లెట్ వేసింది.

మొదటి ముద్దకి అక్క నా వైపు తిరిగి "కారమేదే ఇందులో?" అంది. కారం ఉంది, కాకపోతే అన్నిటికంటే వెనక వచ్చి గొంతులో కాసేపు వెచ్చగా ఉండిపోతుంది. దానికి ముందు తీపి, పొగ, ఆ చిరుచేదు. మిరప కారమంతా గింజలు పట్టుకుని ఉండే ఆ తెల్లటి ఈనెలోనే ఎక్కువ, అది తీసేస్తే మిగిలే కండకి ఒక్కో రకంలో ఒక్కో రుచి. మనం కాయని మొత్తంగా దంచేస్తాం, కారం ముందుకొచ్చి కండ రుచి వెనక్కిపోతుంది. మన వరంగల్ చపాటాకి ఎంత మందమైన తొక్క, ఎంత రంగు! కారం తక్కువ అన్న ఒక్క మాటతో దాన్ని పక్కన పెట్టేసి ఆవకాయ రంగుకే వాడుకోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఘాటు కావాలంటే అదీ ఉంది. వేయింతె దె నొవియెంబ్రె మార్కెట్లో ఒక వరసంతా బొగ్గుల పొగే, మాంసం మనం ఎంచుకుంటే అక్కడే కాల్చిస్తారు. పక్కన చిలే దె ఆగ్వా అనే లేత పచ్చ మిరపకాయని నిప్పుల మీద కాల్చి, తొక్క ఒలిచి, నిలువుగా చీరి, ఉల్లిపాయ, నిమ్మరసం, ఉప్పు కలిపి పెడతారు. అక్కకి చెమటలు పట్టాయి, మారు పెట్టించుకుంది.

పసీయా మిహే మాత్రం సంచి నిండా తెచ్చుకున్నాం. టమాటా రోటి పచ్చడికి మామూలు ఎండుమిర్చి సగం, ఇది సగం వేస్తున్నాను. గింజలు దులిపి, సన్న సెగ మీద నూనెలో ఉబ్బగానే తీసేయాలి. ఇంగువ వేస్తే దీని పొగ వాసనని మింగేస్తుంది, వెల్లుల్లి వేసుకోండి.