హిస్టరీ ఆప్షనల్: ఒక్క ఫిరంగి వెంట బోయర్ యుద్ధాన్ని ఎలా చదివాను

మిత్రులారా, సివిల్స్‌కి హిస్టరీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లు పేపర్ 2లో ఫ్రెంచ్ విప్లవం, రెండు ప్రపంచ యుద్ధాలు బాగానే చదువుతారు. 'సామ్రాజ్యవాదం, వలసవాదం' కింద దక్షిణాఫ్రికా వచ్చేసరికి చాలామంది ఒకటి రెండు పేజీల నోట్స్‌తో సరిపెట్టుకుంటారు. బంగారం దొరికింది, అక్కడ స్థిరపడ్డ డచ్ సంతతివాళ్లయిన బోయర్ల మీద బ్రిటన్ యుద్ధానికి దిగింది, 1902లో సంధి కుదిరింది. ఇంతే తెలిస్తే, ప్రశ్నలో 'ఎందుకు', 'ఎలా' అని కనిపించగానే టెన్షన్ మొదలవుతుంది. ఈ టాపిక్ నాకు చాలా ఇష్టం. బ్రిటిష్ సైన్యం ఆ యుద్ధానికి తీసుకెళ్లిన 15 పౌండర్ ఫిరంగిని పట్టుకుని, దాని వెంటే మిగతాదంతా చదివాను. నాకు బాగా పనికొచ్చింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ ఫిరంగి ఎలా పనిచేసేదో చూడండి. గొట్టం వ్యాసం 3 అంగుళాలు, గుండు బరువు 6 కిలోల పైచిలుకు. ఒక్కో ఫిరంగిని ఆరు గుర్రాలు లాగేవి. ఆరు ఫిరంగులు కలిస్తే ఒక బ్యాటరీ. ఎక్కువగా కాల్చింది ష్రాప్‌నెల్ గుండ్లు. వీటి లోపల సీసపు గోళీలు నింపి ఉంటాయి. దూరాన్ని అంచనా వేసి ఫ్యూజ్‌ని చేత్తో తిప్పి పెడితే, గుండు శత్రువుకి కాస్త ముందు గాలిలో పేలుతుంది. గోళీలు జల్లులా ముందుకు చిమ్ముతాయి. మైదానంలో గుంపుగా నిలబడ్డవాళ్ల మీద ఇది ఘోరమైన ఆయుధం. కందకంలో దిగి కూర్చున్నవాళ్లకి మాత్రం దీనివల్ల పెద్దగా ఏమీ కాదు. పైగా ఫిరంగి ముందు ఇనుప పలక లేదు. కాల్చే సిపాయిలు తూటాలకి నేరుగా ఎదురుగా నిలబడాలి. ఈ రెండు విషయాలూ గుర్తుంటే, బ్రిటిష్ వాళ్లు ఓడిపోయిన కొలెన్సో యుద్ధం దానంతటదే అర్థమవుతుంది.

1899 డిసెంబర్ 15. దక్షిణాఫ్రికాలోని బ్రిటిష్ వలస నటాల్‌లో, కొలెన్సో దగ్గర టుగేలా నది. అవతల లేడీస్మిత్ పట్టణం బోయర్ల ముట్టడిలో ఉంది. దాన్ని విడిపించడానికి బ్రిటిష్ జనరల్ బుల్లర్ నది దాటాలి. ఎదుట బోయర్ల నాయకుడు లూయీ బోతా మనుషులు కందకాల్లో కదలకుండా కాచుకుని ఉన్నారు. వాళ్ల చేతుల్లో మౌజర్ రైఫిళ్లు. పొగ రాని మందు కాబట్టి తూటా ఎక్కణ్నుంచి వస్తోందో కనిపించదు. బ్రిటిష్ ఫిరంగుల బాధ్యత కల్నల్ లాంగ్‌ది. 14వ, 66వ బ్యాటరీల పన్నెండు ఫిరంగుల్ని తన పదాతిదళాన్ని కూడా దాటించి, నదికి సుమారు 1,000 గజాల దూరంలో ఆరుబయట నిలబెట్టాడు. ఎద్దులు లాగుతున్న నౌకాదళ ఫిరంగులు వెనకబడిపోయాయి. ఎందుకంత ముందుకెళ్లాడు? అంతకుముందు ఏడాది సూడాన్‌లోని ఓమ్దుర్మాన్ యుద్ధంలో ఫిరంగులు నడిపింది ఈయనే. అక్కడ శత్రువు మైదానంలో గుంపులుగా మీదికొచ్చాడు, ఫిరంగులు చీల్చి చెండాడాయి. ఇక్కడ శత్రువు కనిపించనే లేదు. లాంగ్ తీవ్రంగా గాయపడ్డాడు. సిపాయిలు గుండ్లు దాదాపు అయిపోయేదాకా కాల్చి, వెనకున్న వాగులో తలదాచుకున్నారు. ఫిరంగుల్ని వెనక్కి లాక్కురావడానికి గుర్రాల మీద వెళ్లినవాళ్లు రెండింటిని మాత్రమే తేగలిగారు. మిగతా పదీ బోయర్లకి చిక్కాయి.

అలా వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లలో లెఫ్టినెంట్ ఫ్రెడ్డీ రాబర్ట్స్ ఒకడు. కాన్పూర్‌లో పుట్టి, ఒకప్పుడు మద్రాస్ సైన్యానికి కమాండర్ ఇన్ చీఫ్‌గా పనిచేసిన లార్డ్ రాబర్ట్స్ కొడుకు. స్టార్మ్‌బర్గ్, మాగర్స్‌ఫాంటైన్, కొలెన్సో మూడు ఓటములూ ఒకే వారంలో రావడంతో దాన్ని బ్లాక్ వీక్ అన్నారు. ఆ దెబ్బతో మొత్తం దక్షిణాఫ్రికా సైన్యాన్ని తండ్రి రాబర్ట్స్ చేతిలో పెట్టారు.

ఇక్కడే మన ఆధునిక భారత చరిత్ర కలుస్తుంది. ఆ రోజు కొలెన్సోలో క్షతగాత్రుల్ని మోసినవాళ్లలో గాంధీజీ నడిపిన ఇండియన్ అంబులెన్స్ కోర్ ఉంది. మొత్తం సుమారు 1,100 మంది. అందులో దాదాపు 300 మంది స్వతంత్రులైన భారతీయులు, మిగిలినవాళ్లు గిర్మిటియా కూలీలు, అంటే ఒప్పందం మీద వెళ్లిన కూలీలు. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా నటాల్ చెరకు తోటలకి వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అది చదివినప్పుడు ఈ యుద్ధం నాకు పరాయిదిగా అనిపించలేదు. ఫ్రెడ్డీ రాబర్ట్స్‌ని యుద్ధభూమి నుంచి మోసింది తమ దళమేనని గాంధీజీ తర్వాత రాసుకున్నారు. ఆయన సానుభూతి బోయర్ల వైపే. బ్రిటిష్ పౌరులుగా హక్కులు అడుగుతున్నాం కాబట్టి బాధ్యత కూడా మోయాలన్నది అప్పటి ఆయన వాదన. ఆ సేవకి వచ్చిన పతకాన్ని 1920లో తిరిగి ఇచ్చేశారు. గాంధీజీ ఆలోచన ఎలా మారిందని అడిగితే 1899, 1920 పక్కపక్కన పెట్టి రాయండి, జవాబుకి బలం వస్తుంది.

ఇక కారణాల వైపు. బోయర్లకి మంచి ఫిరంగులు ఎక్కణ్నుంచి వచ్చాయి? 1886లో విట్వాటర్స్‌రాండ్‌లో బంగారం బయటపడింది. అది ఉన్న బోయర్ల దేశం ట్రాన్స్‌వాల్ ఖజానా నిండింది. 1895 చివర్లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వాన్ని కూలదోయడానికి బ్రిటిష్ వాళ్లు చేసి విఫలమైన జేమ్సన్ దాడి జరిగాక అధ్యక్షుడు క్రూగర్ ఆ డబ్బుతో జర్మనీ నుంచి క్రప్ ఫిరంగులు, ఫ్రాన్స్ నుంచి క్రూజో ఫిరంగులు కొన్నాడు. లాంగ్ టామ్ అని పేరుపడ్డ 155 మిల్లీమీటర్ల క్రూజో ఫిరంగులు ఆ కోవలోవే. అంటే ఏ బంగారం కోసం బ్రిటన్ వచ్చిందో, ఆ బంగారమే బ్రిటన్ మీద గుండ్లు కురిపించింది. లేడీస్మిత్ ముట్టడిలో కొండ మీది లాంగ్ టామ్ పేలిన మెరుపు కనిపించగానే గంట కొట్టి ఊరిని హెచ్చరించింది ప్రభు సింగ్ అనే గిర్మిటియా కూలీ. ఈ పేరు జవాబులో రాసేవాళ్లు తక్కువ, మీరు రాయండి.

ఫలితాలకీ ఈ ఫిరంగే దారి చూపిస్తుంది. యుద్ధం సాగుతుండగానే బ్రిటన్ జర్మనీ నుంచి 108 ఎర్‌హార్ట్ ఫిరంగులు గుట్టుగా కొనుక్కుంది. ప్రపంచంలో అతిపెద్ద సామ్రాజ్యం, ఫిరంగుల కోసం తన పోటీదారు దగ్గరికే వెళ్లింది! 1904లో వచ్చిన 18 పౌండర్‌కి ముందు ఇనుప పలక అమర్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల ప్రధాన ఫీల్డ్ గన్ అదే.

1900 తర్వాత బోయర్లు గెరిల్లా పోరుకి మళ్లారు. గుర్రాల మీద వచ్చి కొట్టి మాయమయ్యేవాళ్ల మీద ఫిరంగులకి పనిలేదు. అప్పుడు బ్రిటిష్ సేనాని కిచెనర్ పొలాలు తగలబెట్టించి, ఆడవాళ్లనీ పిల్లల్నీ కాన్సన్‌ట్రేషన్ క్యాంపుల్లో పెట్టించాడు. అక్కడ దాదాపు 28,000 మంది బోయర్లు చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. నల్లజాతివాళ్లకి వేరే క్యాంపులు పెట్టారు, వాటిలోనూ వేలమంది చనిపోయారు. చాలా నోట్సుల్లో ఈ రెండో సంగతి ఉండదు, దయచేసి వదిలేయకండి. 1902 మే 31 నాటి వెరీనిగింగ్ సంధిలో, నల్లజాతివాళ్ల ఓటు హక్కు ప్రశ్నని స్వపరిపాలన వచ్చేదాకా వాయిదా వేశారు. 1910లో యూనియన్ ఆఫ్ సౌత్ ఆఫ్రికా ఏర్పడినప్పుడు ట్రాన్స్‌వాల్‌లో వాళ్లకి ఆ హక్కు రాలేదు. యూనియన్ తొలి ప్రధాని, కొలెన్సోలో బోయర్లని నడిపిన లూయీ బోతా.