జీతం లేని సేవకూ ఆ చట్టం వర్తిస్తుంది

జీతం తీసుకోని కార్యకర్తలకు పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం వర్తించదని మా సేవా సంస్థలో చాలామంది అనుకునేవారు. 2013లో వచ్చిన ఆ చట్టం స్వచ్ఛందంగా పనిచేసేవారిని సైతం ఉద్యోగి నిర్వచనంలోనే చేర్చింది. పని మీద వెళ్ళే ఊరు, సంస్థ సమకూర్చిన వాహనం కూడా పని ప్రదేశం కిందికే వస్తాయి. 10 మంది, అంతకు మించి పనిచేసే చోట సీనియర్ మహిళ అధ్యక్షతన అంతర్గత కమిటీ ఉండాలి.

కొత్తవారి శిక్షణలో ఈ సెక్షన్లు చదివి వినిపిస్తే సరిపోదు. వైద్య శిబిరం ముగించుకొని రాత్రి పొద్దుపోయాక జీపులో తిరిగి వస్తుండగా, సంస్థలోని పెద్దాయన ఒకరు పక్కనున్న అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి తీయకపోతే ఆమె ఏం చేయాలి, ముందు సీట్లో ఉన్నవారు ఏం చేయాలి అని అడిగినప్పుడే అసలైన చర్చ మొదలవుతుంది. "ఆయన మనకు తండ్రిలాంటివారు కదండీ" అనే మాట అప్పుడే వస్తుంది, దానికి సమాధానం కూడా అప్పుడే చెప్పాలి. నా దృష్టిలో ఈ శిక్షణకు ముందుగా రావలసింది విరాళాలు తెచ్చే పెద్దలే, ఎందుకంటే ఎదురు చెప్పడానికి అందరూ జంకేది వారి దగ్గరే. ఫిర్యాదుకు సాధారణంగా 3 నెలల గడువే ఉంటుంది కనుక, కమిటీ సభ్యుల ఫోన్ నంబర్లు శిబిరానికి బయలుదేరే ముందే ప్రతి కార్యకర్తకూ అందాలి.