నుదుటి మీద 20 నిమిషాలు

మైగ్రేన్ ఉన్నవాళ్లకి తెలుస్తుంది, నొప్పి తగ్గాక కూడా మళ్లీ ఎప్పుడొస్తుందోనన్న టెన్షన్ పోదు. మూడు నెలల నుంచి రోజూ పడుకునే ముందు 20 నిమిషాలు నుదుటికి ఓ చిన్న పరికరం పెట్టుకుంటున్నాను, అది కనుబొమ్మల పైన చర్మం కింద ఉండే ట్రైజెమినల్ నరం (ముఖానికి స్పర్శ, నొప్పి తెలిసేలా చేసే నరం) కొమ్మలకి చిన్న చిన్న కరెంటు పల్స్‌లు పంపుతుంది. సూది లేదు, ఆపరేషన్ లేదు. మైగ్రేన్ రాకుండా ఇలాంటిది వాడటానికి అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ పరిశీలించే ఎఫ్‌డీఏ 2014లోనే అనుమతిచ్చింది, ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదు, అదే బాధ.

మొదటి రోజు భయపడ్డాను. చీమలు పాకినట్టు మొదలై, తీవ్రత పెరిగేకొద్దీ నుదురంతా బిగదీసినట్టయి ఐదో నిమిషంలోనే తీసేశాను. తక్కువలో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోమన్నారు డాక్టర్ గారు, వారానికి అలవాటైంది.

నెలకి ఎనిమిదిసార్లు వచ్చేది ఇప్పుడు ఐదుకి దిగింది. పూర్తిగా పోలేదు, మాత్రలూ మానలేదు. కానీ ఆ మిగిలిన మూడు రోజులు నాకు ఎంత పెద్దవో మాటల్లో చెప్పలేను.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, తలలో మెటల్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా దీని జోలికి వెళ్లొద్దు, ప్లీజ్. ప్యాడ్ పెట్టే ముందు నుదురు శుభ్రంగా తుడుచుకోండి, జిడ్డుంటే సరిగ్గా అంటుకోక చురుక్కుమంటుంది.